కాలు కొలిచారు, పనిని ఎప్పుడు కొలుస్తారు?

కృష్ణగిరి జిల్లా కలెక్టరు గారికి,

మాది కల్లావి, ఊత్తంగరై తాలూకా. బట్టలు కుట్టి బతుకుతాను. ఈ ఉత్తరం తెలుగులో రాస్తానంటే మా తమ్ముడు భయపడ్డాడు. "కలెక్టరాఫీసులో ఇది ఎవురు చదవాలక్కా, మూల పారేస్తారు" అన్నాడు. రాజ్యాంగంలో 350వ అధికరణం ఒకటుంది. రాష్ట్రంలో వాడుకలో ఉన్న ఏ భాషలోనైనా ఎవరైనా తమ కష్టం అధికారికి రాసుకోవచ్చని అది చెబుతుంది. 2024లో మా ఎంపీ గారు లోక్‌సభలోనే తెలుగులో ప్రమాణం చేశారు, నేను కాగితం మీద రాసుకుంటే ఏం పోతుంది? అయినా మీకు ఇబ్బంది లేకుండా తమిళ ప్రతి కూడా వెనక కుట్టి పంపుతున్నాను. పిన్ను కొట్టలేదు, నిజంగానే దారంతో కుట్టాను. అలవాటు.

మా ఇంట్లో మాట తెలుగు, బడిలో చదువు తమిళం. తెలుగు అక్షరాలు మా తాత పెద్దబాలశిక్ష ముందు పెట్టుకొని నేర్పాడు. మూడో ఏట పోలియో వచ్చి నా కుడికాలు చచ్చుబడింది. మిగతా పిల్లలు వీధిలోకి ఉరికితే నేను ఆయనకు దొరికిపోయేదాన్ని. సోమవారం మీ దగ్గరికి జనం తెచ్చే అర్జీని మేం తెలుగువాళ్లం కూడా 'మను' అనే అంటాం. ఇది నా మను. డబ్బు అడగను, బండి అడగను, మిషను అసలే అడగను. మిషను సంగతి చెప్పాకే అడగాల్సింది అడుగుతాను.

నాకు పంతొమ్మిదేళ్లప్పుడు కాళ్లూ చేతులూ సరిగా లేనివాళ్లకు పని నేర్పే కేంద్రం ఒకటుందని విని పోయాను. దాని పేరు ఇక్కడ అక్కర్లేదు. బల్ల వెనక ఉన్నాయన నన్ను తల నుంచి కిందికి చూస్తూ వచ్చి, కాలి దగ్గర ఆగి, కాగితం మీద 'టైలరింగ్' అని రాసేశాడు. ఒక్క ప్రశ్న అడగలేదు. మా మేనమామకు అప్పట్లో బస్టాండు దగ్గర రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఉండేది. పన్నెండో ఏట నుంచి అక్కడ ముక్కాలిపీట మీద కూర్చొని సీసం కరిగించి వైర్లు అతికేదాన్ని. అందుకే, "సార్, రేడియో రిపేరు నేర్పరా?" అన్నాను. "ఆడపిల్లకు రేడియో ఎందుకమ్మా? అందులో ఈ కాలు ఒకటి" అన్నాడు. రేడియోకు కాలితో ఏం పని అని ఆరోజు నా నోటికి రాలేదు. ఇరవై అయిదేళ్లయింది, ఇప్పటికీ ఎవరూ జవాబు చెప్పలేదు.

అసలు నవ్వొచ్చేది దీని తరవాతే. వాళ్లు నేర్పింది తొక్కుడు మిషను మీద. కాలు చచ్చుబడిందని చూసి మరీ కాలితో తొక్కే పని ఇచ్చారు. మిషను కింద పెడలు ఎప్పుడైనా చూశారా? రెండు పాదాలకూ చోటుంటుంది, కొంచెం ముందూ వెనకా వేసి ఊయల ఊపినట్టు తొక్కాలి. నేను ఎడమకాలు ఒక్కటే మధ్యకు జరిపి తొక్కాను. ఒంటికాలితో తొక్కితే చక్రం ఒక్కోసారి వెనక్కి తిరుగుతుంది, దారం బాబినులో చిక్కుపడుతుంది, సూది విరుగుతుంది. విరిగిన సూదికి డబ్బులు మావే. ఆరు నెలలు నడుం ఒకపక్కకు వంచి తొక్కితే సర్టిఫికెట్టు ఇచ్చారు. నడుంనొప్పి దాంతోపాటు వచ్చింది, ఇంకా పోలేదు. మోటారు మిషను నా ఇంటికి చేరడానికి ఆ తరవాత పన్నెండేళ్లు పట్టింది. ప్రభుత్వమే ఊరికే ఇచ్చింది, ఆ మేలు మరవను.

ఇప్పుడు నేను కుట్టడం కన్నా ఎక్కువగా మిషన్లు బాగుచేస్తాను. రేడియో అంగట్లో నేర్చుకున్న చేతినేర్పు పోలేదు గదా. చుట్టుపక్కల ఊళ్ల నుంచి మిషను తలలు గోనెసంచిలో కట్టి బస్సులో వేసుకొని తెస్తారు. విప్పగానే అది ఎట్లా చెడిందో చెప్పగలను. కుట్టి కుట్టి చెడిన మిషనుకు పళ్లచక్రం అరిగి ఉంటుంది, పాదం కింద రేకు నున్నగా మెరుస్తుంటుంది. కుట్టక చెడిన మిషనుకు అరుగుదల ఉండదు, తుప్పు ఉంటుంది. సూది కడ్డీ కదలదు, నూనె గడ్డకట్టి లక్కలాగా ఉంటుంది. పథకాల కింద వికలాంగులకు వచ్చిన మిషన్లు నా దగ్గరికి వచ్చినప్పుడు అరిగి చెడినవి తక్కువ, తుప్పుపట్టి చెడినవి ఎక్కువ.

వాళ్లు సోమరులని కాదు. కల్లావిలో వీధికొక టైలరుంది. నైటీ సంతలో కుట్టుకూలి కన్నా చవగ్గా దొరుకుతుంది. జాకెట్టు ఒక్కటే మిగిలింది, అది కూడా చెయ్యి కుదిరిన మనిషి దగ్గరికే పోతుంది. ఆరు నెలల్లో నేర్చుకున్న పిల్లకు మొదటి పది జాకెట్లు చెడతాయి. చెడగొట్టడానికి గుడ్డ ఎవరిస్తారు? నేర్పినవాళ్లు మిషను ఇచ్చి, ఫొటో తీసుకొని పోయారు. పది జాకెట్లు చెడగొట్టుకునే కాలం ఆ లెక్కలో లేదు. పని చేసేవాళ్లందరికీ తెలుసు, నేర్పు ఆ పది జాకెట్లలోనే వస్తుంది.

ఇక కొలత సంగతి. సర్టిఫికెట్టు కోసం క్యాంపుకు పోతే డాక్టరు టేపు తీసి పిక్క చుట్టూ చుడతాడు, రెండోకాలికీ చుడతాడు, తేడా రాస్తాడు. మోకాలు ఎంత వంగుతుందో చూస్తాడు. నాకు 60 శాతం వేశారు. 40 గానీ ఆపైన గానీ ఉంటేనే రిజర్వేషన్ల లెక్కలోకి వస్తాం, లోపలుంటే రాం. నేనూ రోజుకు నలుగురైదుగురికి టేపు చుడతాను కలెక్టరు గారూ. నేను కొలిచాక ఆ ఒంటికి సరిపడేట్టు కత్తిరిస్తాను. మీవాళ్లు కొలిచాక అందరికీ ఒకే సైజు కుడతారు. కాలు లేకుంటే టైలరింగు. చూపు లేకుంటే కుర్చీలకు అల్లిక. చెవుడైతే కంప్యూటరు ముందు టైపింగు. బుద్ధి ఎదగని పిల్లలకు కాగితం కవర్లు, కొవ్వొత్తులు. ఆ కొవ్వొత్తులు ఎవరు కొంటారో నాకు ఇప్పటికీ అంతుపట్టదు. మా జిల్లాలో ఇంతగా కరెంటు పోదే!

మా పేర్లు మాత్రం ఎన్నోసార్లు మార్చారు. ఇక్కడ మాట్రుత్తిరనాళి, ఆంధ్రలో విభిన్న ప్రతిభావంతులు, ఢిల్లీలో దివ్యాంగులు. మా వీధిలో నేను కుంటిదాన్నే. కొలత ఒకటే మారలేదు. మా ఒళ్లు కొలుస్తారు, పనిని ఎవరూ కొలవరు.

పనిని కొలవడమంటే ఏమిటో ఒక పాత కథ చెబుతాను. అమెరికాలో కార్ల కంపెనీ పెట్టిన హెన్రీ ఫోర్డు 1922లో తన ఆత్మకథ అచ్చువేశాడు. తన ఫ్యాక్టరీలో ఎన్నిరకాల పనులున్నాయో లెక్కపెట్టించానని అందులో రాశాడు. 7,882 రకాలు తేలాయట. వాటిలో గట్టి కండలున్న మగవాడు తప్పనిసరిగా కావలసినవి 949. రెండుకాళ్లూ లేనివాళ్లు చేయగలిగినవి 670, ఒంటికాలివాళ్లు చేయగలిగినవి 2,637, ఒంటిచేతివాళ్లు చేయగలిగినవి 715, చూపులేనివాళ్లవి 10, రెండుచేతులూ లేనివాళ్లవి 2. మొత్తం కూడితే 4,034. అంటే సగం దాటింది. ఫోర్డు ధర్మాత్ముడేమీ కాడు, కూలివాళ్లను పిండుకున్నవాడే. చూపులేనివాళ్లకు పదే అనడం ఈనాటి లెక్కకు చాలా తక్కువ కూడా. కానీ అతను లెక్క మొదలుపెట్టిన చోటు చూడండి. మనిషికి ఏం లేదు అన్న దగ్గర మొదలుపెట్టలేదు, ఈ పనికి ఏం కావాలి అన్న దగ్గర మొదలుపెట్టాడు.

ఇది మన దేశంలో జరగని పని కాదు. సర్కారు కొలువుల వరకూ జరిగింది. 2021 జనవరి 4న కేంద్రం ఒక జాబితా ప్రకటించింది, వికలాంగులకు తగినవని గుర్తించిన 3,566 ఉద్యోగాలు అందులో ఉన్నాయి. ప్రతి ఉద్యోగం పక్కన దానికి కూర్చోవాలా, నిలబడాలా, నడవాలా, వంగాలా, బరువెత్తాలా, వేళ్లతో పట్టుకోవాలా, చూడాలా, వినాలా అని వరసగా రాసి ఉంటుంది. గుమాస్తాకు, లెక్చరరుకు, డాక్టరుకు ఇంత ఓపిగ్గా కొలిచారు. మా ఊళ్లో గుమాస్తాలు, లెక్చరర్లు కాబోయేవాళ్లు ఎంతమంది? మా పిల్లలకు పని దొరికేది సిప్కాట్ ఫ్యాక్టరీ వాడల్లో. హోసూరు సిప్కాట్, బర్గూరు సిప్కాట్, పోచంపల్లి సిప్కాట్. తెలుగు చదివేవాళ్లు పోచంపల్లి అనగానే పట్టుచీర అనుకుంటారు, మా జిల్లా పోచంపల్లిలో చేసేది కరెంటు స్కూటర్లు. హోసూరు పక్కన ఐఫోను విడిభాగాలు చేస్తారు. కంపెనీల బస్సులు తెల్లారకముందే ఊళ్లమీద పడి ఆడపిల్లలను ఎక్కించుకుపోతాయి. ఆ షెడ్లలో ఎన్నిరకాల పనులున్నాయో, ఒక్కోదానికి ఒంట్లో ఏ భాగం కావాలో రాసిన కాగితం మీ దగ్గర ఉందా?

ఉండాలి. కనీసం పనుల జాబితా ఉండాలన్నది నా కోరిక కాదు, చట్టం మాట. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టానికి 2017లో నిబంధనలు రాశారు. 20 మంది గానీ అంతకు పైగా గానీ పనిచేసే ప్రైవేటు సంస్థ కూడా సమాన అవకాశాల విధానం ఒకటి రాసి పెట్టుకోవాలని, తమ దగ్గర వికలాంగులకు తగిన పనులేవో జాబితా అందులో ఉండాలని, ఈ వ్యవహారం చూసుకునే అధికారి ఒకరిని పెట్టాలని వాటిలో ఉంది. రిజర్వేషను ఇవ్వమని ప్రైవేటువాళ్లను బలవంతపెట్టలేదు, నిజమే. జాబితా మాత్రం రాయమన్నారు. మా వికలాంగుల సంఘంవాళ్లు ఆ నిబంధనల తమిళ ప్రతి చదువుతూ ఆ ముక్క దగ్గరికి వచ్చేసరికి నేను మిషను ఆపేశాను. ఇన్నేళ్లుగా మనులిచ్చి అడిగినవాళ్లం ఎవరమూ ఈ కాగితం అడగలేదు.

మా వీధి చివరి ఇంటి పిల్లవాడి సంగతి చెబుతాను. ఇరవై రెండేళ్లు, పుట్టు చెవుడు. ఇంట్లో తెలుగు, స్పెషల్ స్కూల్లో తమిళం. చెవిటివాడికి ఏ భాషైతే ఏమని అందరూ అనుకుంటారు. తల్లి పెదవులు కదిలేది ఒక తీరుగా, టీచరు పెదవులు కదిలేది ఇంకొక తీరుగా ఉంటే వాడు రెండు లోకాలు చదవాలి. సైగల భాష స్కూల్లో స్నేహితుల దగ్గర నేర్చుకున్నాడు, తల్లికి అది రాదు. అందుకని ఇంట్లో వాడు మౌనం. నా అంగట్లోకి వచ్చి కూర్చుంటాడు.

ఒకరోజు నేను ఒక మిషనుతో కుస్తీ పడుతున్నాను. మోటారు తిరుగుతోంది, కుట్టు మధ్యమధ్యలో జారుతోంది. చెవి పెట్టి వింటున్నా అంతుచిక్కడం లేదు. వాడు లేచి వచ్చి మిషను మెడమీద అరచెయ్యి ఆనించి కళ్లు మూసుకున్నాడు. పది సెకన్లు. తరవాత చెయ్యి కిందికి జరిపి షటిలు ఉండేచోట వేలితో తట్టి చూపించాడు. విప్పితే షటిలు అంచున గోటి మొనంత గాటు ఉంది, సూది ప్రతి చుట్టుకూ దానికి తగులుతోంది. నేను చెవితో వెతికింది వాడికి అరచేతికి దొరికింది. శిక్షణలో వాడికి నేర్పిందేమో కంప్యూటరులో పేర్లు ఎక్కించడం. అక్షరాలు వాడికి బద్ధశత్రువులు.

కిందటేడు వాడు ఒక ఫ్యాక్టరీ గేటు దగ్గర ఇంటర్వ్యూ వరసలో నిలబడ్డాడు. ఏ ఫ్యాక్టరీ అన్నది వదిలేద్దాం. పేరు పిలిచారు. వాడికి వినపడలేదు. వరస ముందుకు జరిగింది. ఎండ దిగేవరకూ వాడు అక్కడే ఉన్నాడు. చివరికి సెక్యూరిటీ మనిషి వాడి కార్డు చూసి తల అడ్డంగా ఊపి, చెవి చూపించి, తరవాత మెడ మీద చేత్తో గీసినట్టు చేసి చూపించాడట. సైరను మోగితే వినపడదు, ప్రమాదం అని అర్థం. వాడు నాకు ఆ సైగ చేసి చూపించినప్పుడు నవ్వుతున్నాడు. వాళ్లమ్మ నవ్వలేదు. "బిడ్డను కోస్తామన్నారా యాడన్నా?" అంది.

ఇంతకూ ఆ షెడ్డులో ప్రెస్సు మిషన్ల మోత భరించలేక, వినపడే కూలీలకు చెవుల్లో పెట్టుకోను బిరడాలిస్తారు. అంటే అక్కడ అందరూ ఎనిమిది గంటలు చెవిటివాళ్లే. అందుకే అలాంటి చోట్ల సైరనుతోపాటు ఎర్రదీపం కూడా తిరిగేట్టు పెడతారు. గేటు మనిషికి మా వాడి చెవి తెలుసు, లోపలి పని తెలియదు. ఈ తప్పు ఆయనది కాదు. లోపలి పని రాసిన కాగితం ఆయన చేతికి ఎవరూ ఇవ్వలేదు.

ఇంకొక మాట, ఎవరూ గమనించారో లేదో. మేం పోలియోవాళ్లం ఆఖరి తరం. 2011 జనవరి తరవాత మన దేశంలో సహజ వైరసుతో వచ్చే పోలియో పుట్టలేదు, 2014 మార్చి 27న దేశాన్ని పోలియో లేనిదని ప్రకటించారు. ఇంతకన్నా మంచి వార్త నా జీవితంలో చదవలేదు. కానీ శిక్షణ పథకాలన్నీ ఇంకా మా కాళ్లను చూసి గీసినవే. 1995 చట్టంలో ఏడు రకాల వైకల్యాలుండేవి, 2016 చట్టం 21 రకాలు చేసింది. ఇప్పుడు మా చుట్టూ ఉన్న ఇళ్లలో కనిపించేది ఆటిజం పిల్లలు, పుట్టుకతో మెదడుకు దెబ్బతగిలి కండరాలు బిగిసిన పిల్లలు, ఎదిగేకొద్దీ కండరాలు కరిగే జబ్బున్న మగపిల్లలు, రోడ్డు ప్రమాదంలో వెన్నెముక విరిగిన కుర్రాళ్లు. హైవే జిల్లా మనది, ఆ కుర్రాళ్ల సంగతి మీకే బాగా తెలుసు. బండి తోలి, లారీ తోలి, బోరుబండి మీద పోయి సంపాదించిన ముప్పై ఏళ్ల మనిషికి నడుం కింద స్పర్శ పోతే కొవ్వొత్తి పోయడం నేర్పుతామా?

మన ప్రాంతంలో దీన్ని వేరే తీరుగా చేసినవాళ్లు లేకపోలేదు. కాట్పాడిలో వర్త్ ట్రస్టు ఉంది. 1963లో స్వీడను రెడ్‌క్రాసువాళ్ల చొరవతో మొదలైంది, మొదట్లో కుష్టు నయమైనవాళ్ల కోసం. వాళ్ల చేతులు ఎలా ఉంటాయో మీరు చూసే ఉంటారు, వేళ్లు కురచ, స్పర్శ తక్కువ. ఆ చేతులకు బుట్టలల్లిక నేర్పి ఊరుకోలేదు, యంత్రాల మీద కూర్చోబెట్టారు. చూపులేనివాళ్లు బ్రెయిలు రాసుకునే యంత్రాలు ఇవాళ అక్కడ తయారవుతాయి. హోసూరులోనే టైటాను ఉంది. 1984లో సర్కారు సంస్థ టిడ్కో, టాటాలు కలిసి పెట్టిన కంపెనీ. చెవుడున్నవాళ్లను, కాలు సరిగాలేనివాళ్లను మొదటి రోజుల నుంచీ వాచీల పనిలోకి తీసుకుందని ఆ కంపెనీకి పేరు. అప్పట్లో మనది ధర్మపురి జిల్లా, పల్లెల పిల్లలు అక్కడ వెంట్రుకంత స్ప్రింగులు పట్టుకోవడం నేర్చుకున్నారు.

తెలుగునాట రెండు సంగతులు. అనంతపురంలో విన్సెంట్ ఫెర్రరు 1969లో మొదలుపెట్టిన ఆర్డీటీ సంస్థలో వైకల్యమున్న ఆడవాళ్లు చేతిపనుల వస్తువులు చేస్తారు, అవి స్పెయినులో అమ్ముడుపోతాయి. అక్కడ కూడా చేతిపనే, కానీ అమ్మిపెట్టే దారి ఉంది. రెండోది అందరికీ తెలిసిన శ్రీకాంత్ బొల్లా కథ. మచిలీపట్నం దగ్గరి పల్లెలో చూపు లేకుండా పుట్టాడు. పదో తరగతి తరవాత సైన్సు చదువుతానంటే కుదరదు, ఆర్ట్సే తీసుకోవాలన్నారు. కోర్టుకు పోయి సైన్సు సీటు తెచ్చుకున్నాడు. అమెరికాలో ఎంఐటీలో చదివి వచ్చి 2012లో హైదరాబాదులో బొల్లాంట్ కంపెనీ పెట్టి వికలాంగులకు పనిచ్చాడు. ఆయన మీద 2024లో హిందీ సినిమా కూడా వచ్చింది. జనం ఆ సినిమా చూసి కంపెనీ సంగతికి చప్పట్లు కొట్టారు. నాకు మాత్రం ఆ సైన్సు సీటు దగ్గరే గుండె ఆగింది. కళ్లు చూసి 'ఆర్ట్స్' అని రాసిన చెయ్యి, నా కాలు చూసి 'టైలరింగ్' అని రాసిన చెయ్యి, రెండూ ఒకటే. ఆయన కోర్టుకు పోయాడు. నేను పెడలు తొక్కాను.

కుప్పంలో ఉండే మా పెద్దమ్మ కొడుకు, వాడికీ కాలే, ఫోను చేసినప్పుడల్లా గొప్పలు పోతాడు. ఆంధ్రలో 2024 జులై నుంచి పింఛను 3,000 నుంచి 6,000 చేశారు. అప్పుడు మన దగ్గర తీవ్రమైన వైకల్యం ఉన్నవాళ్లకు నెలకు ఇచ్చింది 2,000. గీతకు ఆ పక్కనుంటే ఆరు, ఈ పక్కనుంటే రెండు. ఇది మీ చేతిలో లేదని తెలుసు, చెన్నైలో మావాళ్లు దానికోసం రోడ్డెక్కుతూనే ఉన్నారు. ఎందుకు చెప్పానంటే, వాడికి ఆరువేలు వస్తున్నా పని లేదు. "పొద్దు పోదు అక్కా, అంతే" అంటాడు. 2018 నాటి జాతీయ శాంపిలు సర్వేలో 15 ఏళ్లు దాటిన వికలాంగుల్లో పని చేసేవాళ్లూ, పని వెతుక్కునేవాళ్లూ కలిపి నూటికి 23.8 అని తేలింది. మిగతావాళ్లు పని చేయడమూ లేదు, వెతకడమూ లేదు. మా పెద్దమ్మ కొడుకు వాళ్లలో ఒకడు.

ఇక అడగవలసింది అడుగుతాను.

జిల్లాలోని ఫ్యాక్టరీల నుంచి ఆ జాబితాలు తెప్పించండి. చాలామంది రాసి ఉండరు. రాసినవాళ్లు కూడా నాలుగు గుమాస్తా కొలువులు రాసి ఊరుకొని ఉంటారు. అప్పుడు ఒక ఇంజనీరునూ, ఒక ఫిజియోథెరపిస్టునూ, మాలో ఒకరిద్దరినీ కలిపి పంపండి. షెడ్డులో ఒక్కో బల్ల దగ్గర నిలబడి, ఈ పనికి నిలబడాలా, పీట వేస్తే సరిపోదా, ఈ మీట కాలిది చేతికి మార్చవచ్చా, ఈ గంట దీపంగా పెట్టవచ్చా అని రాసుకొని రమ్మనండి. ఫోర్డు అప్పుడెప్పుడో చేసిన పని, మనం మూడు సిప్కాట్లలో చేయలేమా? పోచంపల్లి స్కూటరు ఫ్యాక్టరీని మొత్తం ఆడవాళ్లతోనే నడుపుతామని 2021లో కంపెనీ ప్రకటించింది. ఆడవాళ్ల కోసం షెడ్డు గురించి కొత్తగా ఆలోచించగలిగినవాళ్లకు, మాకోసం ఒక పీట గురించి ఆలోచించడం కష్టమేమీ కాదు.

ఆ జాబితా వచ్చాకే శిక్షణ పెట్టండి. బల్లలున్నచోటనే పెట్టండి, కల్యాణమండపంలో కాదు. పది జాకెట్లు చెడగొట్టుకునే కాలానికి కూలి ఇవ్వండి. సైగల భాష వచ్చిన మనిషి ఒకరు, తెలుగూ తమిళమూ రెండూ తెలిసిన మేస్త్రి ఒకరు ఉండాలి. వేపనపల్లి, హోసూరు, సూళగిరి పక్కల నుంచి వచ్చే పిల్లల్లో ఇంటిభాష తెలుగో కన్నడమో అయినవాళ్లు ఎంతమందో మీకు తెలుసు.

బస్సు గురించి కూడా రాయాలి. మాకు పాసు ఉంది, టికెట్టు లేదు, సంతోషం. కానీ మెట్టు నా తొడంత ఎత్తుంటుంది. కల్లావి నుంచి సిప్కాట్‌కు పోవాలంటే బస్సు మారాలి, మారినప్పుడల్లా ఆ మెట్టు. నేను ముందు కర్ర లోపలికి విసిరేస్తాను, తరవాత రెండు కమ్మీలు పట్టుకొని ఒంటిని పైకి గుంజుకుంటాను, ఈలోగా కండక్టరు విజిలు వేస్తాడు. కర్ర ముందు పోయి నేను కింద మిగిలిన రోజులు రెండున్నాయి. కంపెనీ బస్సులు వీధిమొగదాకా వస్తాయి గదా, వాటిలో ఒకదానికి ఒక మెట్టు కిందికి పెట్టించమనండి.

ఫ్యాక్టరీకి పోలేనివాళ్లుంటారు. నా అంగటికి ఒకామె కూతురిని తెస్తుంది, డౌన్ సిండ్రోమ్ ఉన్న అమ్మాయి. గుండీల డబ్బా బోర్లిస్తే రంగు వారీగా, సైజు వారీగా వేరుచేస్తుంది, ఒక్కటి తప్పదు. రెండు గంటల తరవాత చాలంటుంది. రెండు గంటలే ఆమె దినం. ఇలాంటివాళ్ల కోసం ప్రత్యేక శిక్షణ ఉండాలని, దానికి మార్కెట్టుతో గట్టి లంకె ఉండాలని చట్టంలో 19వ సెక్షను చెబుతుంది. మార్కెట్టు మన జిల్లాకు ఎక్కడినుంచో తేనక్కర్లేదు. కృష్ణగిరిలో చింతపండు ఉంది, గింజ తీసి, ఈనె తీసి, రంగు చూసి వేరుచేసే పని ఇళ్లల్లోనే నడుస్తుంది. మామిడి కాలంలో గుజ్జు ఫ్యాక్టరీల ముందు లారీలు బారులు తీరుతాయి, అక్కడా కాయలు ఏరాలి. గుండీలు తప్పు పోనివ్వని పిల్ల చింతపండులో తప్పు పోనిస్తుందా? కొనేవాడితో ముందు మాట్లాడి, రెండు గంటలకు రెండు గంటల కూలి అని ఒప్పించి, తరవాత నేర్పాలి. పథకంలో ఇప్పుడు జరిగేది ఏమిటంటే, ఇలాంటి పిల్లల తల్లులకు మోటారు మిషను ఇస్తారు. తల్లికి ఆసరానే, కాదనను. కూతురికి మాత్రం ఆ గుండీల డబ్బానే మిగిలింది.

అదే సెక్షనులో ఆఖరి ముక్క ఒకటుంది, పని నేర్చుకున్నవాళ్ల లెక్క, సొంతంగా నిలదొక్కుకున్నవాళ్ల లెక్క రకాలవారీగా రాసిపెట్టాలని. ఆ లెక్క ఏటా మీ ఆఫీసు గోడకు అంటించండి. ఎన్ని మిషన్లు ఇచ్చామన్నది వద్దు. ఏడాది తరవాత ఎన్ని నడుస్తున్నాయన్నది కావాలి. ఊళ్లమీద పోయి చూసేవాళ్లు కావాలంటే నేను పోతాను, విప్పకుండానే చెబుతాను. 2025లో మన శాసనసభ పంచాయతీల్లో, పురపాలక సంఘాల్లో మావాళ్లను నామినేటు చేసేందుకు చట్టం సవరించింది. అలా కుర్చీ దొరికినవాళ్లకు జెండా ఎగరేసే పని కాకుండా ఈ పని అప్పజెప్పండి. ఊళ్లో ఎవరికి ఏం లేదన్న చిట్టా ఆస్పత్రిలో ఎలాగూ ఉంది. ఎవరికి ఏం వచ్చో అది వాళ్లు రాస్తారు.

వచ్చే సోమవారం నేను వస్తున్నాను. చెవుడున్న పిల్లవాడిని వెంట తెస్తున్నాను. పేరు పిలిస్తే వాడికి వినపడదు, దయచేసి టోకెను నంబరు చూపించమని మీవాళ్లకు చెప్పండి. నా దగ్గర బాగుకాని మిషను తల ఒకటుంది, పేరు చెప్పను గానీ ఏదో ఒక పథకం కిందిదే. గోనెసంచిలో కట్టి తెస్తాను. మీ బల్లమీద ఒక పాత వార్తాపత్రిక పరిపించండి, నూనె కారుతుంది.

ఇట్లు,
కల్లావిలో మిషను కుట్టే మనిషి